బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు, బోస్‌మాని రెయిన్‌బో: నల్లగొండలో ఒక నాలుగడుగుల ట్యాంకు కేస్ స్టడీ

నల్లగొండ పట్టణంలో ఒక ఇంటి హాల్లో 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న అక్వేరియం ఉంది. రాళ్లూ గులకా పోగా 190 లీటర్ల నీళ్లు పడతాయి. జనవరి రెండో వారంలో అందులో 12 బోస్‌మాని రెయిన్‌బో చేప పిల్లలను వదిలారు. ఇరవై నాలుగో రోజు సాయంత్రం సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశారు. తెల్లారేసరికి మూడు చేపలు చచ్చి తేలాయి. మిగిలిన తొమ్మిది నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.

ఇంట్లోవాళ్లు ఒక్క మాటలో తేల్చేశారు: బోరు నీళ్లు పోశాం, అందుకే పోయాయి. నల్లగొండలో ఆ మాటను కాదనేవాళ్లు ఉండరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మనుషుల నడుములే వంగిపోయిన జిల్లాలో బోరు నీళ్లంటే భయం ఉండడం న్యాయమే. కానీ ఈ మూడు చావులకు కారణం బోరు నీళ్లు కావు. అంతకు ముందు 24 రోజులు ట్యాంకులో ఉన్న క్యాన్ నీళ్లు. ఆ సంగతి తేలకపోతే మిగిలిన తొమ్మిదింటినీ మళ్లీ క్యాన్ నీళ్లలోనే పెట్టేవారు, మరో నెలకు మళ్లీ ఇదే జరిగేది. అందుకే ఈ కేసును లెక్కలతో సహా రాస్తున్నాం.

ఈ చేప ఏ నీళ్లలో పుట్టింది

శాస్త్రీయ నామం మెలనోటేనియా బోస్‌మాని. న్యూగినియా ద్వీపం పడమటి కొసన, పక్షి తలలా కనబడే ద్వీపకల్పంలో, ఇండోనేసియా వైపున ఉన్న అయమారు సరస్సులూ వాటి చుట్టుపక్కల వాగులూ దీని సొంత చోటు. డచ్ చేపల శాస్త్రవేత్త మారినస్ బోస్‌మాన్ 1950లలో అక్కడ నమూనాలు సేకరించాడు. ఆయన పేరు మీద 1980లో అలెన్, క్రాస్ దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. ప్రాణంతో బయటి దేశాలకు చేరింది ఆ తర్వాతే. 1980ల చివర్లో రంగు కోసం మగచేపలను వేల సంఖ్యలో పట్టి ఎగుమతి చేశారు. ఇప్పుడు అడవిలో అది ప్రమాదంలో ఉన్న జాతి. మన దుకాణాల్లో దొరికేవి దాదాపు అన్నీ ఫారాల్లో పుట్టినవే.

మనకు ముఖ్యమైన విషయం ఒకటుంది. అయమారు సున్నపురాయి నేల. నీళ్లు ఆ రాళ్లలోంచి ఊరి వస్తాయి కాబట్టి తేటగా, గట్టిగా, క్షారంగా ఉంటాయి. లోతు తక్కువ, నాచూ నీటిమొక్కలూ దట్టం, నీళ్లు వెచ్చన. అంటే సబ్బు నురగ రాని నీళ్లే ఈ చేపకు పుట్టిల్లు. పెంపకంలో పీహెచ్ 7 నుంచి 8.5 దాకా, కాఠిన్యం 8 నుంచి 20 డిగ్రీల దాకా హాయిగా ఉంటుంది. అమెజాన్ మెత్తటి నీళ్లలో పుట్టిన టెట్రా చేపలకు చెప్పే సలహా దీనికి చెప్పకూడదు. ఈ కేసులో దుకాణం వాళ్లు చేసిన పొరపాటు అదే. "ఆర్‌ఓ నీళ్లు పోయండి, ఏ చేపకైనా మంచివే" అని చెప్పి పంపారు.

మూడు నీళ్ల కొలతలు

ఆ ఇంట్లో మూడు రకాల నీళ్లున్నాయి. మూడింటినీ చుక్కల కిట్‌తో కొలిచాం. ఇక్కడ కాఠిన్యం అన్నది కాల్షియం, మెగ్నీషియం కొలత. క్షారత అన్నది బైకార్బనేట్ కొలత, పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచేది అదే. రెండింటికీ 1 డిగ్రీ అంటే కాల్షియం కార్బనేట్ లెక్కన లీటరుకు 17.9 మి.గ్రా. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు. అదీ, నైట్రేటూ, ఫ్లోరైడూ లీటరుకు మి.గ్రా. లెక్కన.

బోరు నీళ్లు: టీడీఎస్ 1140, కాఠిన్యం 24 డిగ్రీలు, క్షారత 18 డిగ్రీలు, నైట్రేట్ 60. ల్యాబ్ రిపోర్టులో ఫ్లోరైడ్ లీటరుకు 2.2 మి.గ్రా. పీహెచ్ నల్లా తిప్పగానే 7.3, రాత్రంతా గాలి కొట్టాక 8.3.

మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా నీళ్లు, అంటే కృష్ణ నీళ్లు: టీడీఎస్ 320, కాఠిన్యం 9, క్షారత 8, పీహెచ్ 7.8, నైట్రేట్ 5, ఫ్లోరైడ్ 0.4. క్లోరిన్ ఉంటుంది.

ఆర్‌ఓ క్యాన్ నీళ్లు: టీడీఎస్ 50, కాఠిన్యం 1, క్షారత ఒకటిన్నర, పీహెచ్ 6.4.

టీడీఎస్ మీటరు ఒక్కటే కొని, దాంతోనే అన్నీ తేల్చేయడం మన దగ్గర బాగా అలవాటైంది. టీడీఎస్ 1140 అంటే అందులో కాల్షియం ఎంతో, సోడియం ఎంతో, ఉప్పెంతో అది చెప్పదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ గ్రానైట్ నేలల్లో కొన్ని బోర్లలో క్షారత ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువగా ఉంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువుండేది తరచూ అలాంటి నీళ్లలోనే. అందుకే పక్కింటి బోరు కొలతను మన బోరుకు వాడకూడదు. చుక్కల కిట్ కొంటే ఏడాదికి పైగా వస్తుంది. ట్యాంకు కొన్న రోజే అది కూడా కొనాలి.

ఆ 24 రోజుల్లో ట్యాంకులో జరిగింది

పది క్యాన్లు ట్యాంకులోకి వెళ్లాయి. అడుగున గ్రానైట్ గులక, అది నీళ్లకు ఏమీ ఇవ్వదు. దుకాణంలో నడుస్తున్న ఫిల్టరు నుంచి ఒక పాత స్పాంజి తెచ్చి పెట్టారు, అది మంచి పనే. దాంతో బ్యాక్టీరియా త్వరగానే పని మొదలుపెట్టింది. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాను అవి నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. అయితే ఆ పని చేస్తూ క్షారతను తింటాయి. 1 మి.గ్రా. అమ్మోనియా నైట్రోజన్ మారడానికి కాల్షియం కార్బనేట్ లెక్కన 7.14 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది.

ఇప్పుడు ఈ ట్యాంకు లెక్క. ఒకటిన్నర డిగ్రీల క్షారత అంటే లీటరుకు 27 మి.గ్రా. దాన్ని 7.14తో భాగిస్తే 3.8. అంటే లీటరుకు 3.8 మి.గ్రా. అమ్మోనియా మారేసరికి క్షారత మొత్తం అయిపోతుంది. పిల్లలకు రోజుకు మూడుసార్లు వేసిన మేత తూచి చూస్తే 1.5 గ్రాములు. అంత చిన్న 12 చేపలకు అది చాలా ఎక్కువ. 45 శాతం ప్రోటీన్ ఉన్న మేత గ్రాముకు సుమారు 41 మి.గ్రా. అమ్మోనియా వస్తుంది. అంటే రోజుకు 62 మి.గ్రా., లీటరుకు 0.33. ఈ లెక్కన పదకొండు పన్నెండు రోజుల్లో క్షారత సున్నా.

అక్కడి నుంచి పీహెచ్ జారడం మొదలైంది. పీహెచ్ 6 దాటి కిందికి పోతే ఆ బ్యాక్టీరియా దాదాపు పని మానేస్తుంది. మేత మాత్రం ఆగలేదు, నీళ్లు మార్చలేదు, ఆవిరైనంత మళ్లీ క్యాన్ నీళ్లే పోశారు. తర్వాతి పన్నెండు రోజుల అమ్మోనియా అంతా ట్యాంకులోనే పోగుపడింది. ఇరవై నాలుగో రోజు ఇంటివాళ్ల స్ట్రిప్ పరీక్షలో పీహెచ్ 5.8, అమ్మోనియా లీటరుకు 4 మి.గ్రా. చేపలు రెక్కలు ముడుచుకొని మూలన నిలబడ్డాయి, కానీ చావలేదు.

చావకపోవడానికి కారణం ఉంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, దాంతో పెద్ద హాని లేదు. రెండోది విడి అమ్మోనియా, అదే మొప్పలను కాల్చేది. ఏది ఎంత ఉండాలో నిర్ణయించేది ప్రధానంగా పీహెచ్. నీళ్లు 27 డిగ్రీల వెచ్చన ఉన్నప్పుడు, పీహెచ్ 5.8 దగ్గర మొత్తంలో 0.04 శాతమే విడి అమ్మోనియా. పీహెచ్ 8 దగ్గర అది 6 శాతం.

ఆ సాయంత్రం సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోశారు. మొత్తం అమ్మోనియా 4 నుంచి 2కు తగ్గింది. చూడ్డానికి మంచి పనే. కానీ విడి అమ్మోనియా లీటరుకు 0.0016 మి.గ్రా. నుంచి 0.12కు చేరింది, అంటే డెబ్బై రెట్లకు పైనే. 0.05 దాటితేనే మొప్పలు దెబ్బతింటాయి.

మరి పోసిన వెంటనే ఎందుకు చావలేదు? ఇంటివాళ్లను తప్పుదారి పట్టించింది ఇదే. భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన బోరు నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది, అది పీహెచ్‌ను తాత్కాలికంగా కిందికి పట్టి ఉంచుతుంది. సాయంత్రం ఆరింటికి ట్యాంకులో పీహెచ్ 7.1. అప్పుడు చేపలు హుషారుగా తిరిగాయి, అందరూ నిశ్చింతగా పడుకున్నారు. ఎయిర్ పంపు రాత్రంతా ఆ గ్యాసును బయటికి తోస్తూ ఉంటే పీహెచ్ మెల్లగా ఎక్కింది. పొద్దున మేం కొలిచేసరికి 8.0. విషం పోసినప్పుడు కాదు, అందరూ నిద్రపోయాక తయారైంది.

చచ్చిన చేపల మొప్పలు ఎత్తి చూస్తే ముదురు ఎరుపుగా వాచి, జిగురు పట్టి ఉన్నాయి. నీళ్ల గట్టిదనం ఒక్కసారిగా మారడం వల్ల కూడా చేపలు నలిగి ఉంటాయి, కాదనలేం. టీడీఎస్ అరగంటలో 90 నుంచి 600 దాటింది. అయినా మెత్తటి నీళ్ల నుంచి గట్టి నీళ్లకు రావడం ఈ చేప బాగానే ఓర్చుకుంటుంది. మొప్పల తీరు, నోళ్లు తెరవడం, పీహెచ్ కొలత మూడూ అమ్మోనియా వైపే చూపించాయి.

తొమ్మిదింటిని నిలబెట్టిన తీరు

మొదట పీహెచ్‌ను కిందికి దించే ఆలోచన మానిపించాం. నిమ్మరసం, వెనిగర్, పీహెచ్ డౌన్ సీసాలు, ఏవీ వద్దు. 9 డిగ్రీల క్షారత ఉన్న నీళ్లలో అవి గంటసేపు పనిచేసి వదిలేస్తాయి, పీహెచ్ కిందికీ పైకీ ఊగుతుంది, చేప ఇంకా నలుగుతుంది. చేయాల్సింది అమ్మోనియాను పల్చన చేయడం, అదీ పీహెచ్ ఇంకా పెరగకుండా.

అందుకు భగీరథ నీళ్లు సరిగ్గా సరిపోయాయి. క్షారత 8, పీహెచ్ 7.8, ట్యాంకుకు దగ్గరగానే ఉన్నాయి. క్లోరిన్ తీయడానికి హైపో (సోడియం థయోసల్ఫేట్) వాడాం. లీటరు నీళ్లలో 100 గ్రాముల హైపో కరిగించి సీసాలో పెట్టుకుంటే 20 లీటర్ల బకెట్‌కు 2 మి.లీ. చాలు. పొద్దున 40 శాతం, సాయంత్రం 30 శాతం మార్చాం. అమ్మోనియాను పట్టి ఉంచే కండిషనర్‌ను ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలిపాం. మేత మూడు రోజులు పూర్తిగా బంద్. ఈ సమయంలో జాలిపడి చిటికెడు వేయడం కూడా తప్పే, ఆరోగ్యంగా ఉన్న చేప వారం రోజులు తిండి లేకున్నా ఉంటుంది. బాగా నడుస్తున్న వేరే ట్యాంకు నుంచి తడి ఆరకుండా ఒక స్పాంజి తెచ్చి ఫిల్టరులో పెట్టాం.

మూడో రోజుకు అమ్మోనియా 0.25. ఐదో రోజు నైట్రైట్ 1 మి.గ్రా.కు ఎక్కింది, ఇది అనుకున్నదే. నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ దానికి అడ్డుపడుతుంది. లీటరుకు 1 గ్రాము లెక్కన 190 గ్రాముల దొడ్డుప్పు బకెట్లో కరిగించి మూడు విడతలుగా పోశాం. నీళ్లు మార్చినప్పుడల్లా తీసిన నీళ్లకు సరిపడా ఉప్పు తిరిగి వేయాలి. 38 లీటర్లు తీస్తే 38 గ్రాములు. ఇది మరిచిపోవడం వల్లే చాలాచోట్ల ఉప్పు పనిచేయలేదంటారు. పద్నాలుగో రోజుకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా. తొమ్మిదీ మిగిలాయి.

నీళ్ల పాళ్లు

బోరు, భగీరథ సగం సగం కలిపితే కాఠిన్యం 16.5, క్షారత 13. చేపకు బాగానే ఉంటుంది, కానీ నైట్రేట్ నీళ్లు పోసిన రోజే 32 దగ్గర మొదలవుతుంది. పొలాల యూరియా బోర్లలోకి దిగిన చోట ఇది మామూలే. అందుకని ఒక పాలు బోరు, రెండు పాళ్లు భగీరథ అని తేల్చాం: కాఠిన్యం 14, క్షారత 11, టీడీఎస్ 590 చిల్లర, నైట్రేట్ 23, ఫ్లోరైడ్ సరిగ్గా 1. కాల్షియం బాగా ఉన్న నీళ్లలో చేపల మీద ఫ్లోరైడ్ ప్రభావం తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్కటి గురించి దిగులు లేదు.

100 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో ఈ పాళ్లలో కలిపి, హైపో వేసి, ఎయిర్ స్టోన్ పెట్టి ఒక రాత్రి ఉంచుతారు. పైన చెప్పిన కార్బన్ డయాక్సైడ్ డ్రమ్ములోనే పోవాలి, ట్యాంకులో కాదు. మర్నాడు 50 లీటర్లు మారుస్తారు, వారానికోసారి.

పటిక గురించి ఒక మాట. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందించింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. తాగునీటి కోసం చేసిన ఆ పద్ధతిని కొందరు చేపల నీళ్లకు వాడదామని చూస్తారు. పటిక క్షారతను తినేస్తుంది, మిగిలిపోయిన అల్యూమినియం మొప్పలకు విషం. ట్యాంకు దగ్గరికి పటిక రానివ్వొద్దు.

భద్రత కోసం మూడు కిలోల నాపరాయి ముక్కలు ట్యాంకులో పేర్చాం. ఇంటి ముందు పరిచే తాండూరు బండ సున్నపురాయే. నిమ్మరసం చుక్క వేస్తే బుడగలొచ్చిన రాయి పనికొస్తుంది. పీహెచ్ 8 మీద అది దాదాపు కరగదు, పీహెచ్ పడిపోతేనే కరిగి ఆదుకుంటుంది. నీళ్లు మార్చడానికి ఇది బదులు కాదు.

కొత్త చేపలు తెచ్చినప్పుడు ప్రయాణం ఎంతసేపన్నది చూడాలి. హైదరాబాద్ నుంచి నల్లగొండకు రెండున్నర మూడు గంటలు, కాబట్టి సంచి నీళ్లలోకి ట్యాంకు నీళ్లను సన్నటి పైపుతో చుక్కచుక్కగా రెండు మూడు గంటలు ఎక్కించొచ్చు. అదే ఒక రోజు దాటి పార్సిల్లో వచ్చిన చేపలైతే అలా చేయకూడదు. మూసిన సంచిలో అమ్మోనియా పోగై ఉంటుంది, పీహెచ్ కింద ఉంటుంది. సంచి విప్పి గాలి తగలనిస్తే పీహెచ్ పైకి లేచి, పైన చెప్పిన కథే చిన్న సంచిలో జరుగుతుంది. వాటికి దుకాణం నీళ్ల టీడీఎస్‌కు దగ్గరగా నీళ్లు కలిపి వేరే తొట్టిలో సిద్ధంగా పెట్టుకోవాలి. ఇల్లు చేరగానే చేపలను వలతో నేరుగా అందులోకి మార్చాలి. ఆ తర్వాత పది రోజుల్లో మెల్లగా మన నీళ్లకు తేవాలి.

ఎండాకాలం

ఏప్రిల్ మూడో వారానికి ట్యాంకులో సాయంత్రం ఐదింటికి 33.8 డిగ్రీలు. స్లాబు కింద హాలు, పడమటి గోడ. బయట 43, 44. ఈ చేప 30 దాకా ఇబ్బంది పడదు. ఆ పైన మాత్రం కష్టం మొదలవుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టుకోలేవు: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మి.గ్రా. పట్టేవి 33 దగ్గర 7.2కు దిగుతాయి. అదే సమయంలో చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. క్షార నీళ్లలో విడి అమ్మోనియా వాటా కూడా వేడితో పెరుగుతుంది. గట్టి నీళ్లు వాడేవాళ్లు ఎండాకాలంలో మేత విషయంలో రెట్టింపు జాగ్రత్తగా ఉండాల్సింది ఇందుకే.

కంప్యూటర్లలో వాడే 12 సెం.మీ. ఫ్యాన్లు రెండు, 12 వోల్టుల అడాప్టరుతో, నీటి మట్టానికి నాలుగంగుళాల పైన ఏటవాలుగా బిగించాం. గాలి నీటి మీద రాసుకుంటూ పోవాలి, గుచ్చినట్టు పడకూడదు. మరుసటి రోజు అదే వేళకు 30.6. మన ఏప్రిల్, మే గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆవిరి బాగా లేచి మూడు డిగ్రీలు దిగింది. ఈ ఫ్యాన్ల ముందు గాజు మూత ఉండకూడదు, రెయిన్‌బో మాత్రం ఎగిరి దూకే చేప. అల్యూమినియం ఫ్రేముకు దోమల జాలి బిగించి మూతగా పెట్టాం.

అదే గదిలో కూలర్ నడిపిస్తే ఫ్యాన్ల ప్రభావం తగ్గుతుంది. కూలర్ గదిలోకి తేమ నింపుతుంది, తేమ గాలిలోకి ట్యాంకు నీళ్లు ఆవిరి కావు. తలుపులు మూసి కూలర్ పెట్టిన రోజుల్లో ఫ్యాన్లతో ఒక్క డిగ్రీయే దిగింది. కిటికీ తెరిచి పెడితే మళ్లీ పనిచేశాయి. మృగశిర కార్తె వచ్చి చినుకులు పడ్డాక కూడా అంతే, గాలిలో తేమ ఉంటుంది. కానీ అప్పటికి బయటి ఎండే తగ్గుతుంది.

ఇక్కడే అందరూ చేసే పెద్ద తప్పు. ఫ్యాన్లు పెట్టాక రోజుకు 5 లీటర్లు ఆవిరయ్యాయి. ఆవిరయ్యేది ఉత్త నీరే, లవణాలన్నీ ట్యాంకులోనే ఉండిపోతాయి. ఆ 5 లీటర్లను బోరు నీళ్లతో నింపితే రోజుకు 5.7 గ్రాముల లవణాలు చేరతాయి. రెండు నెలలకు 340 గ్రాములు. నీళ్లు మార్చకపోతే టీడీఎస్ ఉన్నదాని మీద మరో 1800 దాకా పెరుగుతుంది. అందుకని తగ్గిన మట్టం నింపడానికి క్యాన్ నీళ్లే వాడాలి. జనవరిలో ఈ చేపలను ముంచిన క్యాన్ నీళ్లకు మే నెలలో సరైన చోటు దొరికింది: మార్చే నీళ్లు డ్రమ్ములోంచి, నింపే నీళ్లు క్యాన్‌లోంచి. నీటి మట్టం దగ్గర గాజు మీద ఒక టేపు గీత పెట్టుకుంటే ఎంత పోయాలో వెతుక్కోనక్కర్లేదు.

ఐసు గడ్డలు వేయొద్దు. గంటలో నాలుగు డిగ్రీలు దిగి మళ్లీ ఎక్కడం కంటే రోజంతా 31 దగ్గర ఉండడమే చేపకు మేలు. ఎండాకాలంలో లైటు పొద్దున 6 నుంచి 9, రాత్రి 6 నుంచి 9. మేత పొద్దున ఒక్కసారే.

కరెంటు పోతే: ఇన్వర్టరు మీద స్పాంజి ఫిల్టరు నడిపే చిన్న ఎయిర్ పంపు ఒక్కటి పెట్టుకుంటే చాలు, ఐదు వాట్లు కూడా తాగదు. క్యానిస్టర్ ఫిల్టరు (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టరు) మూడు నాలుగు గంటలు ఆగితే లోపల ఆక్సిజన్ అయిపోయి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే నేరుగా ఆన్ చేయకుండా, మొదటి నీళ్లను బకెట్లోకి వదిలి పారబోశాకే ట్యాంకుకు కలపాలి. దోమల మందు లిక్విడ్ మిషన్‌ను ఎయిర్ పంపు ఉన్న గోడకు పెట్టొద్దు. అందులోని మందులు చేపలకు తీవ్ర విషం, పంపు ఆ గాలినే నీళ్లలోకి తోస్తుంది.

మే చివర్లో ఒక ఆడచేప పెదవి మీద తెల్లటి దూది లాంటి మచ్చ కనబడింది. అది బూజు కాదు, కాలమ్నారిస్ బ్యాక్టీరియా. వేడి నీళ్లలో రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది. గాజుకు మూతి కొట్టుకున్నప్పుడు అయిన గాయం నుంచి మొదలైంది. వేరే తొట్టిలోకి మార్చి, 27 డిగ్రీలకు దించి, చికిత్స ఇచ్చాక కోలుకుంది.

తిండి, రంగు

దుకాణంలో ఈ పిల్లలు బూడిద రంగులో ఉంటాయి, ఎవరూ వంగి చూడరు. 4 సెం.మీ. నుంచి 7 సెం.మీ. దాటేసరికి, అంటే ఏడాది దగ్గర పడ్డాక, మగవాటి ముందు సగం నీలం బూడిద, వెనక సగం నారింజ. రెండింటి మధ్య నిలువు చారలు పడతాయి. పెద్దయ్యాక మగది 10, 11 సెం.మీ., ఆడది కొంచెం తక్కువ. మగదానికి వీపు ఎత్తుగా లేస్తుంది.

రంగు చూడాల్సింది తెల్లవారుజామున. కిటికీ వెలుగు ట్యాంకు మీద పడ్డ మొదటి అరగంటలో ఇద్దరు మగాళ్లు పక్కపక్కన చేరి, రెండు వీపు రెక్కలూ కింది రెక్కా పూర్తిగా విప్పి, వణుకుతూ తిరుగుతారు. నుదుటి నుంచి వీపు దాకా ఒక తెల్లటి పట్టీ మెరిసి ఆరిపోతుంది, మళ్లీ మెరుస్తుంది. ఆ సమయంలో గది లైట్లు వేయకుండా నిలబడి చూడాలి, వేస్తే ఆగిపోతుంది. మిగిలిన తొమ్మిదిలో నాలుగు మగవి, ఐదు ఆడవి. ఆడవి ఇంకా ఎక్కువుంటే మేలు.

నోరు పెద్దదిగా కనబడినా గొంతు సన్నం. 1 మి.మీ. గుళికలు మించి వేయొద్దు. స్పిరులినా ఉన్న మేత, ఉడికించి చిదిమిన పాలకూర, పచ్చి బఠాణీ లోపలి పప్పు, వారానికి రెండుసార్లు దోమ లార్వాలు. లార్వాలను ఇంటి వెనక కుండీలో పెంచుకోవాలి, రెండు రోజులకోసారి మొత్తం వడకట్టాలి, లేకపోతే దోమలవుతాయి. వరి మడుల నుంచీ చేపలున్న కుంటల నుంచీ తేకూడదు. మొదటి చోట పురుగుమందు, రెండో చోట చేపల ఒంటికి పట్టే లెర్నియా పురుగు.

గుడ్లు

జూలైలో వానలు పడి నీళ్లు 28కి దిగాక గుడ్లు పెట్టడం మొదలైంది. ముదురు ఆకుపచ్చ అక్రిలిక్ ఊలును 25 సెం.మీ. పొడవున కత్తిరించి, మధ్యలో కట్టి, థర్మాకోల్ ముక్కకు వేలాడదీస్తే కుచ్చు తయారు. రంగు పోతుందేమో ముందు వేడినీళ్లలో ఉడికించి చూసుకోవాలి. రెయిన్‌బోలు ఒక్కసారిగా పెట్టవు, పొద్దున్నే రోజుకు కొన్ని చొప్పున చాలా రోజులు పెడతాయి. గుడ్డుకు సన్నటి దారం ఉంటుంది, ఊలుకు అతుక్కుపోతుంది. ఐదు రోజులకోసారి కుచ్చు తీసి, అదే నీళ్లున్న 10 లీటర్ల తొట్టిలో పెట్టాం. ఏడెనిమిది రోజుల్లో పిల్లలు బయటికొచ్చి నీటి పైపొరలోనే తిరుగుతాయి.

మొదటి తడవ పిల్లలన్నీ వారంలో పోయాయి. కారణం నోరు. అప్పుడే పుట్టిన ఆర్టీమియా (చేప పిల్లలకు వేసే సన్నటి ఉప్పునీటి రొయ్య) కూడా వాటి నోట్లో పట్టదు. రెండో తడవకు ముందే పచ్చనీళ్లు తయారు చేశాం: ట్యాంకు నుంచి తీసిన పాత నీళ్లు ఒక గాజు సీసాలో, మేడ మీద నీడ తగిలే చోట, పది రోజులు. దాన్ని మొదటి పది రోజులు రోజుకు నాలుగుసార్లు, నీళ్లు లేత పచ్చగా ఉండేలా పోస్తూ వచ్చాం. పదకొండో రోజు నుంచి ఆర్టీమియా. ఈసారి 31 నిలిచాయి. ఎదుగుదల నెమ్మది, మూడు నెలలకు 2 సెం.మీ.

వేరే రెయిన్‌బో జాతులను ఈ ట్యాంకులో కలపొద్దని గట్టిగా చెప్పాం. ఒకదాంతో ఒకటి జతకడతాయి, పుట్టే పిల్లలకు ఏ రంగూ సరిగా ఉండదు, అవే బోస్‌మాని పేరుతో చేతులు మారతాయి. మిగులు పిల్లలను పెంచేవాళ్లకే ఇవ్వాలి. ఉదయసముద్రం జలాశయంలోకీ కాలువల్లోకీ వదలకూడదు.

అక్టోబరులో బోరు నీళ్లు మళ్లీ కొలిచాం. వానలకు భూగర్భ జలం పెరిగి టీడీఎస్ 1140 నుంచి 860కి, కాఠిన్యం 24 నుంచి 18కి, నైట్రేట్ 60 నుంచి 35కు దిగాయి. ఒకటికి రెండు పాళ్ల చోట ఒకటికి ఒకటి కలపడం మొదలుపెట్టారు. మార్చిలో మళ్లీ కొలిచి పాళ్లు మార్చాలని డ్రమ్ము మీద మార్కరుతో తేదీ రాసి పెట్టారు.